కావలిలో మా వీధి హైస్కూలు గ్రౌండు సాయంత్రాలు జనానికి తెరిపించాలంటే ఎవర్ని అడగాలి?

ఉదయగిరిబ్రిడ్జి (కావలి):

అన్నలకీ అక్కలకీ నమస్కారం. మాది కావలి. మా వీధి చివర గవర్నమెంటు హైస్కూలు ఉంది. పేరు రాయను, ఊళ్లో వాళ్లకి ఎట్టాగూ తెలిసిపోతది. మేము చదివేటప్పుడు దానికి గోడ లేదు. ఒకపక్క చిల్లకంప, ఒకపక్క మురిక్కాలవ, మధ్యలో గ్రౌండు. బడి వదిలినాక బంతి కనపడనంత చీకటి పడేదాకా ఆడ్నే. గేదెలు కూడా మాతోపాటే తిరిగేవి, అది వేరే సంగతి.

సర్కారు బళ్లు బాగుచేసే నాడు-నేడు పథకంలో చుట్టూ ప్రహరీ లేపారు, రంగులేశారు, పెద్ద గేటు పెట్టారు. బడికి మంచిదే, కాదన్ను. కానీ సాయంత్రం గేటుకి తాళం పడిందంటే మళ్లీ పొద్దున బడి టైముకే తీసేది. ఆదివారం తాళం. దసరాకి తాళం, సంక్రాంతికి తాళం. ఏప్రిల్ ఆఖర్న సెలవులిస్తే జూన్ 12 దాకా లోపలికి పిట్ట కూడా పోదు. పిల్లోళ్లకి ఆడుకునే తీరిక ఉండేదే ఆ రోజుల్లో గదా.

మా లేఅవుట్‌లో కాగితం మీద 10 శాతం ఖాళీ స్థలం ఉండాది. అందులో ఒక మూల వాటర్ ట్యాంకు, ఇంకో మూల గుడి, మిగిలిన దాంట్లో ఎవరో ఇల్లు కట్టుకుంటా కంకర తోలి పెట్టారు. ఇల్లు అయిపోయింది, కంకర అట్నే ఉంది. మున్సిపాలిటీ పార్కు ఉంది గానీ మా వీధి నుంచి పోవాలంటే ట్రంకు రోడ్డు దాటాలి. ఎనిమిదేళ్ల పిల్లని ఒంటరిగా ఎవరు పంపుతారు? అందుకని పిల్లలంతా వీధిలోనే ఆడతా ఉన్నారు. ఆటో వస్తే "అరే పక్కకి" అని ఒకడు అరుస్తాడు, ఆట ఆగుతుంది, మళ్లీ మొదలు. నా మెడికల్ షాపు ముందే ఇదంతా, రోజూ చూస్తానే ఉన్నా.

హెచ్చెమ్ (హెడ్మాస్టరు) సార్‌ని అడిగా. ఆయన మంచాయనే. "తాళం తీసింది నేనైతే రేపు ఏదన్నా జరిగితే సస్పెండయ్యేది కూడా నేనే నాయనా" అన్నారు. ఆయన మాటలో తప్పేం లేదు.

నేను అడిగేది ఏందంటే, దీనికి పర్మిషన్ ఇచ్చేది ఎవరు? నెల్లూరు, ప్రకాశం వైపు ఎక్కడన్నా ఇట్టా పద్ధతిగా నడిచిందా? నడిచి ఆగిపోయుంటే ఎందుకు ఆగిందో కూడా చెప్పండి.


బడిగంట (ఒంగోలు):

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. మీ బాధ అర్థమైంది. ఒక సోమవారం పొద్దున్నే మాతో పాటు బడికి రండి, మా బాధ కూడా అర్థమవుతుంది. వరండాలో గుట్కా కవర్లు, సైకిల్ స్టాండు వెనక ఖాళీ సీసాలు, కుళాయి తలకాయలు మాయం. ఇవన్నీ గోడ దూకి వచ్చినవాళ్లు చేసేవి. గేటే తీసిపెడితే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి.

ఈ ప్రహరీ ఊరికే రాలేదు. నాడు-నేడు మొదలుపెట్టింది మా ఒంగోల్లోనే, పీవీఆర్ మున్సిపల్ హైస్కూల్లో, 2019 నవంబరు 14న. మరుగుదొడ్లు, తాగునీళ్లు, ఫ్యాన్లు, బల్లలతో పాటు ప్రహరీ కూడా ఆ జాబితాలో పెట్టారు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో కూడా ఆటస్థలం ఉండాలి, చుట్టూ గోడో కంచో ఉండాలి అని రెండూ ఉన్నాయి. ఆ పైన 2025 నవంబరు 7న వీధి కుక్కల కేసులో సుప్రీంకోర్టు బళ్లకీ ఆస్పత్రులకీ కంచె ఉండాలని, కుక్కలు లోపలికి రాకుండా చూడాలని చెప్పింది. మా గేటు కాస్త వారగా తెరిచి ఉంటే చాలు, వీధిలో కుక్కలన్నీ భోజనం షెడ్డు దగ్గరికి హాజరు.

ఇంకోటి. బడి ఆవరణలో సచివాలయాలు, రైతు భరోసా కేంద్రాలు కట్టొద్దని హైకోర్టు చెప్పినా వినలేదని 2022 మార్చిలో ఎనిమిది మంది ఐఏఎస్‌లకి కోర్టు ధిక్కారం కింద శిక్ష వేసింది. వాళ్లు క్షమాపణ చెప్పుకుంటే జైలు తప్పి, హాస్టళ్లలో సేవ చెయ్యమన్నారు. ఐఏఎస్‌లకే అట్లా ఉంటే హెచ్చెమ్ ఎంత?


సున్నంగీత (ప్రకాశం జిల్లా, రిటైర్డు పీడీ):

తమ్ముడూ, మాస్టారు చెప్పింది అబద్ధం కాదు, నువ్వు అడిగింది తప్పూ కాదు. నేను ఈ జిల్లాలో జడ్పీ హైస్కూళ్లలోనే ఆటల మాస్టార్ని, పీఈటీగా చేరి పీడీగా దిగిపోయా. పశ్చిమాన కనిగిరి, పొదిలి వైపు చాలాకాలం, చివర్న ఒంగోలుకి దగ్గర్లో. ఎవరంటే వాళ్లొచ్చే గ్రౌండులోనూ పనిచేశా, తాళం పడిన గ్రౌండులోనూ పనిచేశా. కాస్త పొడుగ్గా రాస్తా, షాపులో గిరాకీ లేనప్పుడు చదువుకో.

మీరిద్దరూ గేటు గురించి మాట్లాడుతున్నారు. గేటుది ఏముంది, తాళం తీస్తే తెరుచుకుంటుంది. సాయంత్రం ఎవరొచ్చి ఏం ఆడినా పొద్దున 9కి అది మళ్లీ బడి గ్రౌండు అవ్వాలి. ఆ పని ఎవరు చేస్తారు, ఆ మనిషికి డబ్బులు ఎవరిస్తారు అన్నది తేలకుండా తెరిస్తే కొన్నాళ్లకే మళ్లీ తాళం పడుతుంది. ఈసారి ఎంత బతిమాలినా తీయరు.

లాంగ్ జంప్ పిట్ సంగతి చెప్తా. పశ్చిమాన నేను చేసిన ఒక బడికి గోడ లేదు. ఇసక మెత్తగా, చల్లగా ఉంటుందని రాత్రిపూట కూర్చునేవాళ్లు అక్కడే కూర్చుంటారు. సీసా ఖాళీ అయితే అది అక్కడే పగలాలి, అదేం శాస్త్రమో నాకు తెలీదు. పైకి కనపడే పెంకులు పిల్లలే ఏరేస్తారు. జానెడు లోతున ఉన్న గోరంత పెంకు ఎవరికీ కనపడదు, దూకినవాడి మడమకే దొరుకుతుంది. అందుకని మేస్త్రీని అడిగి ఇసక జల్లెడ తెచ్చి, వెనకాల రెండు కర్రలు ఆనించి ఏటవాలుగా నిలబెట్టి, పారతో పిట్ మొత్తం ఎత్తిపోసేవాణ్ని. మంచి ఇసక అవతలికి పోతుంది, ఇవతల జారి పడేవి గాజుపెంకులు, సోడా మూతలు, చెప్పు మేకులు. ఒకసారి ఎవరిదో వెండి మెట్టె కూడా పడింది. మండలం పోటీలకి ముందు ఇది తప్పదు. ఆటల పీరియడంతా ఇసక జల్లించడానికే పోతే పిల్లలు దూకేదెప్పుడు?

ఇది చదివి తాగేవాళ్లతోనే ఇబ్బంది అనుకోవద్దు. వాళ్లకి కనీసం పగటిపూట భయం ఉంటుంది. ఊళ్లల్లో గ్రౌండుని కాజేసేది పెద్దమనుషులు. ఫిబ్రవరి, మార్చిలో మిరపకాయలు ఆరబోసుకుంటారు. "ఆదివారమే గదా మాస్టారూ, సోమవారానికల్లా ఎత్తేస్తాం" అంటారు. ఎత్తేస్తారు, కాయల్ని. ఘాటు నేలలోనే ఉంటుంది. సోమవారం కబడ్డీలో కిందపడ్డ పిల్లాడు లేచి కళ్లు నులుముకున్నాడంటే ఇంక వాడి ఏడుపు ఆపడం నా వల్ల కాదు, బోరింగు దగ్గరికి ఎత్తుకుని పరిగెత్తాలి. టౌన్లో మిరపకాయలుండవు, పెళ్లి షామియానాలుంటాయి. గుంజలు పీక్కుని పోతారు, గుంతలు పూడ్చరు. ఖోఖోలో ఆ గుంతలో కాలు పడితే చీలమండ పోయినట్టే.

మరి మూసిపెట్టిన గ్రౌండు బాగుంటుందా? అదీ లేదు. ప్రహరీ కట్టి తాళం వేసిన బళ్లో వేసవి సెలవులయ్యాక వెళ్లి చూడండి. తొలకరి చినుకులకి పల్లేరు నేలంతా అల్లుకుంటుంది. ఇంకో నెలకి కాయలు గట్టిపడతాయి. చెప్పులు విడిచి ఆడే పిల్లలు, పరుగు మధ్యలో ఒంటికాలి మీద నిలబడి ముల్లు లాక్కుంటుంటారు. మూలల్లో సర్కారుతుమ్మ మొలిచి రెండేళ్లలో తల ఎత్తు అవుతుంది. ఒంగోలు దగ్గర మా బళ్లో వాకర్లు తిరిగే అంచు పొడుగునా పల్లేరు మొక్క ఒక్కటి ఉండేది కాదు, రోజూ తొక్కుడు పడుతుంది గనక. మనుషులు మసిలే చోట పాములు కూడా తక్కువ. బడికి జనం వల్ల లాభం లేదనే వాళ్లకి నేను చూపించేది ఆ అంచే.

ఆ బళ్లో పద్ధతిగా జరిగింది, ఎట్లాగో చెప్తా. వాకర్లే వచ్చి అడిగారు. మా హెచ్చెమ్ గట్టి మనిషి, తన ఒక్కడి సంతకంతో ఏదీ చెయ్యడు. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ముందు పెట్టాడు. చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం ఆడవాళ్లుండాలి. వాళ్ల పిల్లలు పడి లేచేది ఆ నేల మీదే గనక ప్రశ్నలు గట్టిగా అడిగారు. తాగి వస్తే ఎవరు ఆపుతారు, మా పాప స్పెషల్ క్లాసుకి ఉండిపోతే ఎట్లా అని. వేళలు, షరతులు తేల్చి మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాసి, అందరి సంతకాలు తీసుకుని, నకలు మండల విద్యాధికారికీ (ఎంఈవో), ఆయన పైన డిప్యూటీ ఈవోకీ పంపాం. పైనుంచి సరే అని కాగితం రాలేదు, వద్దని కూడా రాలేదు. మన ఆఫీసుల్లో అంతకన్నా ఏం కావాలి.

వేళలు: పొద్దున 5 నుంచి 7:30, సాయంత్రం 5 నుంచి 7. మార్చిలో ఒంటిపూట బడులు పెడితే 7:45కే గంట కొడతారు గనక వాకింగ్ 7కే బంద్. పదో తరగతి పరీక్షల సెంటరు పడితే ఆ రోజులు మొత్తం బంద్. లోపలికి వచ్చేది చిన్న గేటు నుంచే, అది గ్రౌండులోకే తెరుచుకుంటుంది. తరగతి గదుల వరండా వైపు ఇనప జాలీ అడ్డం పెట్టించాం, దానికి వేరే తాళం.

తాళం గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టదు. డూప్లికేటు చెవులు చేయించి పదిమందికి పంచితే ఎవరు తీశారో ఎవరు వెయ్యకుండా పోయారో ఎవరికీ తెలీదు. మేము గేటుకి లావుపాటి గొలుసు చుట్టి, దాని రెండు కొసల్నీ ఒక తాళంతో కలపకుండా, మధ్యలో రెండు తాళాలు ఒకదాంట్లో ఒకటి దూర్చి వేశాం. బడి తాళం తీసినా గొలుసు ఊడుతుంది, వాకర్ల తాళం తీసినా ఊడుతుంది. ఒకరి చెవి ఇంకొకరికి అక్కర్లేదు. మాట తప్పితే వాకర్ల తాళాన్ని వదిలేసి బడి తాళంతోనే గొలుసు రెండు కొసల్నీ కలిపేస్తే సరి, గొడవ లేదు, కొత్త తాళం కొనే పని లేదు. రెండేళ్లలో ఒక్కసారి అట్లా వెయ్యాల్సి వచ్చింది, ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ గ్రౌండు లోపల కట్టినప్పుడు. ఫ్లెక్సీ ఒక్కటి కట్టనిస్తే ఆ తర్వాత అవతలి పార్టీ వాళ్లదీ కట్టాలి, గుర్తుపెట్టుకో.

నీళ్ల దగ్గర వచ్చింది అసలు తంటా. మన వైపు ఎండాకాలం ట్యాంకరు వస్తేనే నీళ్లు. వాకింగ్ అయినాక కాళ్లు కడుక్కున్నారు, మొహాలు కడుక్కున్నారు, ఒకాయన స్కూటర్ కూడా కడిగాడు. పదింటికి మధ్యాహ్న భోజనం వండే ఆమె కుళాయి తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది. ఆమె వాకర్లని ఏమీ అనలేదు, తిట్లన్నీ నాకే. ఆ రోజే గ్రౌండు వైపు పైపుకి వాల్వు బిగించి మూసేశాం. తాగే నీళ్లు కావాలంటే వాకర్లే 20 లీటర్ల క్యాను తెచ్చుకోవాలి.

డబ్బు సంగతి. బడికి ఏడాదికి వచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యని బట్టి ఉంటుంది. 250 దాటి 1000 లోపు ఉంటే 75 వేలు. కరెంటు బిల్లు నుంచి రిజిస్టర్ల దాకా అందులోనే సర్దుకోవాలి. వాచ్‌మన్‌కి ఇచ్చేది నెలకి 6 వేలు. ఆ మనిషినే వాకర్లకి గేటు దగ్గర కాపలా ఉండు, పొద్దున ఊడువు అంటే అది న్యాయం కాదు. మా దగ్గర వాకర్లు మనిషికి నెలకి వంద చొప్పున వేసుకున్నారు. హెచ్చెమ్ చేతికి పైసా ఇవ్వలేదు, కమిటీ బ్యాంకు ఖాతాలో వేసి రసీదు తీసుకున్నారు. లేకపోతే చందాలు వసూలు చేస్తున్నారని ఎవడో ఒకడు అర్జీ పెడతాడు. ఆ డబ్బుతో ఒకామె పొద్దున ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా గ్రౌండు ఊడ్చేది. తొమ్మిదికి నేను సున్నం గీతలు వేసుకునేవాణ్ని. ఆ గంటే మొత్తం ఏర్పాటుకి ప్రాణం. ఆమె జ్వరంతో రాని రోజు నేనూ, ఇద్దరు వాకర్లూ చీపుర్లు పట్టుకున్నాం.

క్రికెట్ గురించి నన్ను రెచ్చగొట్టొద్దు. టెన్నిస్ బంతితోనే ఆడినా 22 మంది మొత్తం గ్రౌండు ఆక్రమిస్తారు, మిగతా పిల్లలంతా గోడెక్కి చూడాల్సిందే. మేము సాయంత్రం 6 దాకా చిన్నపిల్లలకే అన్నాం. క్రికెట్‌కి ఆదివారం పొద్దున ఒక్కటే. కుర్రాళ్లు నన్ను ఏమేం అనుకున్నారో నాకు తెలుసు.

ఇంతకీ మీది జడ్పీ స్కూలా, మున్సిపాలిటీదా?


మంగమూరురోడ్డు (ఒంగోలు):

సార్, అన్నీ వివరంగా రాశారు. ఆడవాళ్ల ఊసు కమిటీ దగ్గర తప్ప ఎక్కడా లేదు.

మా వైపు వాకింగ్ ట్రాక్ ఉన్న చోటికి పొద్దున 5కి వెళ్తే మగవాళ్లే. బెంచీలు మొత్తం వాళ్లవే, రాజకీయాలు మాట్లాడుకుంటూ ఏడు దాకా కదలరు. రచ్చబండకి గోడ కట్టినట్టు ఉంటుంది. డిసెంబర్లో ఐదింటికి ఇంకా చీకటే, లైటు లేకపోతే మేం రాం. రోడ్డు మీద నడుద్దామంటే మెళ్లో గొలుసు చీర కొంగుతో కప్పుకుని నడవాలి. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. బళ్లో ఖోఖో బాగా ఆడుతుంది, జోనల్ దాకా వెళ్లింది. బడి వదిలాక, సెలవుల్లో ప్రాక్టీసుకి చోటు లేదు. వీధిలో మగపిల్లలు ఆడినట్టు ఈడొచ్చిన పిల్ల ఆడుతుందా? మన ఊళ్లల్లో ఆడనిస్తారా? మగపిల్లలకి గేటు మూస్తే వీధి మిగిలింది. వీళ్లకి గేటు మూస్తే ఇంట్లో టీవీ తప్ప ఏం మిగల్లేదు.

టాయిలెట్ల సంగతి కూడా చెప్పండి. నాడు-నేడులో అంత డబ్బు పెట్టి కట్టారు. మోకాళ్ల నొప్పులు, షుగరు ఉన్నవాళ్లనే డాక్టర్లు నడవమంటారు. వాళ్లు గంట ఆగగలరా?


సున్నంగీత:

తల్లీ, నువ్వు అడిగిన రెండోదానికి మా దగ్గరా జవాబు దొరకలేదు. మరుగుదొడ్లు తెరవడానికి కమిటీలో తల్లులే ఒప్పుకోలేదు. ఆయమ్మ పొద్దున కడిగి పెట్టినవి మగవాళ్లు పాడు చేస్తే మా ఆడపిల్లలు రోజంతా మంచినీళ్లు తాగకుండా కూర్చుంటారు అన్నారు. అది నిజం, అట్లాంటి పిల్లల్ని చూశా. దాంతో పెద్దవయసు ఆడవాళ్లు కొంతమంది రావడం మానేశారు, అదీ నిజం.

మొదటిదానికి మాత్రం చేశాం. సాయంత్రం 5 నుంచి 6 దాకా చిన్న గేటు దగ్గరి సగం ఆడపిల్లలది. ఖోఖో స్తంభాలు ఆ పక్కకే మార్చి పాతించా. వీధి లైటు వెలుగు పడేది కూడా ఆ పక్కే. తల్లులు వచ్చి గోడ వారగా కూర్చునేవాళ్లు, కొంతమంది పూలు కట్టుకుంటూ. వాళ్లున్నంతసేపు మగపిల్లలు ఆ పక్కకి బంతి కొట్టేవాళ్లు కాదు. నేను చెప్పి వాళ్లు విన్నది తక్కువ, ఆ తల్లుల చూపుకి భయపడింది ఎక్కువ.


క్వీన్స్‌లో_నెల్లూరోడు:

నాది నెల్లూరు, దర్గామిట్ట. న్యూయార్క్‌లో క్వీన్స్‌లో ఉంటున్నా. ఈ పని ఇక్కడ సిటీవాళ్లే చేశారు. 2007లో మేయరు బ్లూమ్‌బెర్గ్ హయాంలో పెద్ద ప్రణాళిక ఒకటి వేసి, ప్రతి ఇంటికీ 10 నిమిషాల నడకలో పార్కో ఆటస్థలమో ఉండాలన్నారు. కొత్త పార్కులకి ఇక్కడ స్థలం ఎక్కడిది? అందుకని సుమారు 290 బళ్ల గ్రౌండ్లు ఎంచుకుని, బడి అయిపోయాక, శని ఆదివారాలు, సెలవుల్లో పొద్దుగూకే దాకా జనానికి తెరవాలని పెట్టుకున్నారు. అంతకుముందు 1996 నుంచే ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్ అనే సంస్థ బళ్ల గ్రౌండ్లు బాగుచేస్తా ఉంది, ఇప్పటికి 200 దాటాయి. ఏం కావాలో ఆ బడి పిల్లల్నే అడిగి గీయించి దాన్నిబట్టి కడతారు.

అమెరికా అనగానే పచ్చిక ఊహించుకోవద్దు. ఇక్కడ చాలా బళ్ల గ్రౌండు ఉట్టి తారునేల, చుట్టూ ఇనప కంచె. తారు తీసి చెట్లు, వాన నీళ్లు ఇంకే నేల పెట్టడమే పెద్ద పని అయింది. పారిస్‌లో కూడా ఇదే బాధ. అక్కడ బళ్ల గ్రౌండ్లన్నీ కలిపితే 70 హెక్టార్ల పైమాట. ఎండలకి తట్టుకోలేక తారు తీసి చెట్లు పెట్టి, కొన్నిటిని శనివారాలు వీధివాళ్లకి తెరుస్తున్నారు. మన కావలిలో మట్టి నేల ముందే ఉంది గదా అన్నా, ఆ ఖర్చు లేదు.

మా వీధి బడి గేటు మీద బోర్డు ఉంటుంది, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా అని. ఆ బోర్డు వల్ల ఒక మేలుంది. పొద్దుగూకినాక వచ్చి కూర్చున్నవాణ్ని వెళ్లమనడానికి ఎవరికైనా ధైర్యం వస్తుంది, చెయ్యి బోర్డు వైపు చూపిస్తే చాలు.


బడిగంట:

పీడీ గారూ, రెండు తాళాల పద్ధతి బాగుంది, మా హెచ్చెమ్‌కి చెప్తాను. అయినా సస్పెన్షన్ భయం ఎక్కడికి పోతుంది? కోర్టు తీర్పు సంగతి మీరు ఎత్తలేదు.


సున్నంగీత:

మాస్టారూ, ఆ తీర్పు బడి స్థలంలో వేరే ఆఫీసులు కట్టి కూర్చోవడం గురించి. కట్టినది మళ్లీ తీయలేరు గదా. సాయంత్రం ఇద్దరు ముసలాళ్లు నడిచి ఏడింటికి ఇంటికి పోవడం ఆ లెక్కలోకి రాదు. అదే తీర్పు నాకు ఇంకోలా పనికొచ్చింది. గ్రౌండులో జిమ్ షెడ్డు కడతామని ఒక దాత వస్తే, చిన్న సిమెంటు దిమ్మె కూడా వెయ్యడానికి లేదని అది చూపించి పంపించేశా. తెరిచే తీర్మానంలో ఆ మాట తప్పకుండా ఉండాలి: ఏ కట్టడమూ కట్టకూడదు, ఏ పేరూ రాయకూడదు.

మనం బడి తలుపులు తెరవడం కొత్తా? ఓట్లొస్తే తెరుస్తాం. 2023 డిసెంబర్లో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు తీరం ఊళ్ల జనాన్ని చేర్చడానికి తెరిచాం. లాక్‌డౌన్‌లో ఎన్నో ఊళ్లల్లో కూరగాయల బజారు బడి గ్రౌండుల్లోనే పెట్టారు. అప్పుడు కలెక్టరు కాగితం ఉంటుంది, ఇప్పుడు ఉండదు, అంతే తేడా. 2020 జాతీయ విద్యా విధానంలో కూడా బడి వేళలు కానప్పుడు బడి వసతుల్ని ఊరి సామాజిక పనులకి వాడుకోవచ్చని రాశారు, సామాజిక చేతనా కేంద్రం అని పేరు కూడా పెట్టారు. అర్జీలో ఆ ముక్క రాస్తే ఆఫీసర్లు కాస్త ఆగి చదువుతారు.


ఉదయగిరిబ్రిడ్జి:

అందరికీ దండాలు. పీడీ సార్, మాది మున్సిపల్ హైస్కూలు.

మీ మాటలన్నీ ఫోన్లో చూపించి హెచ్చెమ్ సార్‌తో మళ్లీ మాట్లాడా. ఈసారి కాదనలేదు. కమిటీ మీటింగుకి పెడతా, కాగితం రాసుకుని రా అన్నారు. ఆయన అడిగింది ఒక్కటే. రాత్రి ఎనిమిదింటికి గ్రౌండులో ఏదన్నా గొడవని నాకు ఫోన్ వస్తే, నేను ఎవరికి ఫోన్ చెయ్యాలి? ఆ పేరు కాగితం మీద ఉండాలి అన్నారు. మా వీధిలో సంతకాలకి యాభై మంది ముందుకొచ్చారు, ఆ పేరుకి మాత్రం ఎవరూ రాలా. నాదే రాసేద్దామా అనుకుంటా ఉన్నా, కానీ నా షాపు పదింటికి గానీ కట్టను.


సున్నంగీత:

మున్సిపాలిటీదంటే ఇంకో మెలిక ఉంది. 2022లో మున్సిపల్ స్కూళ్ల అజమాయిషీ విద్యాశాఖకి ఇచ్చారు, స్థలం మాత్రం మున్సిపాలిటీదే. కాబట్టి తీర్మానం నకలు ఎంఈవోతో పాటు కమిషనరు ఆఫీసుకి కూడా ఇచ్చి, ముద్ర వేయించుకో. ఊడవడానికి మనిషిని మున్సిపాలిటీ నుంచే అడగొచ్చు, మాకు ఆ వీలు లేకపోయింది.

పేరు ఒక్కటి రాయొద్దు, రెండు రాయండి. నీ షాపు ఆ వీధిలోనే గదా, పదిదాకా తెరిచి ఉండటమే మంచిది, నీది ఒకటి. రెండోది గేటుకి ఎదురింట్లో ఉండే ఎవరన్నా ఆడమనిషిది రాయించు, ఆమెని ముందు అడిగి. ఏ టైములో ఎవరొచ్చారో వరండాలోంచి చూసేది ఆమే. వాకర్ల తాళం చెవి కూడా ఆమె ఇంట్లోనే పెట్టండి. మొదటి నెల సాయంత్రం ఒక్కపూటే తెరవండి, పొద్దునది తర్వాత చూసుకోవచ్చు. గొలుసు కొనేటప్పుడు సైకిల్ గొలుసు కొనొద్దు, లారీవాళ్లు వాడేది అడుగు.

సెలవుల్లో తెరిస్తే ముందు ఆ మూల తుమ్మ కొట్టించండి. అది పిల్లలతో చేయించే పని కాదు.